గోనె సంచిలో వచ్చిన కంప్యూటర్

2025 ఏప్రిల్ చివరి వారం. నల్లగొండ గడియారం సెంటర్‌లో మధ్యాహ్నం మనిషి కనబడని ఎండ. ఒక పిల్లగాడు ఎరువుల సంచి భుజాన వేసుకుని షాపులోకి వచ్చి, దాన్ని కౌంటర్ మీద దించాడు.

"అన్నా, అన్ని సామాన్లు ఉన్నయి. బిగించి ఇయ్యి. బిగింపు పైసలు ఎంతనో చెప్పు."

పదిహేడేళ్లుగా కంప్యూటర్లు బిగించే పని చేస్తున్నాను. పెట్టెల్లో, బట్టల బ్యాగుల్లో, ఒకసారి పెళ్లి సారె గంపలో కూడా సామాను వచ్చింది. డీఏపీ సంచిలో రావడం మాత్రం అదే మొదలు. విప్పి ఒక్కొక్కటే టేబుల్ మీద పరిచాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, సీలు తీయని డబ్బాలో. ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ. 1 టీబీ ఎన్‌వీఎంఈ, అంటే ఫైళ్లు దాచే డ్రైవ్. న్యూస్ పేపర్‌లో చుట్టిన సెకండ్ హ్యాండ్ బీ450 మదర్‌బోర్డు. ఒక్క 16 జీబీ ర్యామ్ స్టిక్. ముందూ పక్కనా గాజు ఉన్న క్యాబినెట్, దాంతోపాటే వచ్చిన ఎస్ఎంపీఎస్, అంటే పార్టులకు కరెంటు పంచే పెట్టె. ఇంటి దగ్గర 165 హెర్ట్జ్ మానిటర్ కూడా ఉందన్నాడు.

పిల్లగాడిది మునుగోడు దాటాక ఒక ఊరు. డిగ్రీ రెండో ఏడు. తండ్రికి నాలుగెకరాల బత్తాయి తోట. కత్తెర కాపు అమ్మిన డబ్బులోంచి కొంత, తను హాలిడేస్‌లో పని చేసి దాచుకున్నది కొంత. నాలుగు నెలల్లో ఎక్కడ ఆఫర్ కనబడితే అక్కడ ఒక్కో పార్టు కొన్నాడు. అన్నీ కలిపి 52 వేలు. విడివిడిగా చూస్తే రెండు మూడు వస్తువులు చాలా మంచి ఎంపిక. ఆ ప్రాసెసరూ ఆ కార్డూ ఆ బడ్జెట్‌కు నేను రాసిచ్చినా అవే రాసేవాణ్ని. చిక్కు ఎక్కడంటే, ఒక్కొక్కటి కొన్నప్పుడు దాని పక్కన కూర్చునేది ఏదో వాడు చూడలేదు.

ఈ కేసు రాయడానికి అదొక్కటే కారణం కాదు. పార్టుల చిక్కు నేను రెండు రోజుల్లో విప్పాను. ఆ తర్వాత నేనూ అదే తప్పు చేశాను.

టేబుల్ మీద తేలినవి

మొదట ర్యామ్. చేతిలోకి తీసుకోగానే తెలిసింది, డీడీఆర్5. బీ450 బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఏఎం4 రకం, దానికి డీడీఆర్4 తప్ప మరొకటి పట్టదు. రెండింటికీ 288 పిన్నులే, పొడవూ ఒకటే. మధ్యలో ఉండే గాటు మాత్రం ఒక పిసరు పక్కకు జరిగి ఉంటుంది. స్లాట్ మీద ఆనించి చూపించాను. గాటు ఎక్కడుందో, స్లాట్‌లో గట్టు ఎక్కడుందో వంగి చూశాడు.

"నాలుగు కంటే ఐదు ఎక్కువ కదన్నా, మంచిగుంటదని తీసుకున్న."

నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. ఫోన్లకు అదే లెక్క నడుస్తుంది మరి. ఇక్కడ మాత్రం నాలుగూ ఐదూ రెండు వేరు వేరు ఇళ్లు. ఇంటెల్ వైపైతే ఇంకో తిరకాసు. 12వ తరం నుంచి వచ్చిన ఎల్‌జీఏ1700 సాకెట్ బోర్డుల్లో డీడీఆర్4 పట్టేవీ ఉన్నాయి, డీడీఆర్5 పట్టేవీ ఉన్నాయి. సాకెట్ చూసి ర్యామ్ కొంటే దెబ్బ తింటారు, బోర్డు పేరు చివరి అక్షరం దాకా చదవాల్సిందే. ఏఎండీలో ఆ గొడవ లేదు. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు డీడీఆర్5 ఒక్కటే, దానికి ముందున్న ఏఎం4కు డీడీఆర్4 ఒక్కటే.

రిటర్న్ గడువు ఎప్పుడో దాటిపోయింది. స్టిక్‌ను కాపాడుకోవాలంటే బోర్డూ ప్రాసెసరూ రెండూ మార్చి ఏఎం5కు పోవాలి. అంటే ఒక మేక కోసం దొడ్డి కట్టినట్టు. వద్దన్నాను. 3200 స్పీడు డీడీఆర్4 8 జీబీవి రెండు నా దగ్గరే తీసుకున్నాడు. ఆ 16 జీబీ స్టిక్‌ను నా సొరుగులో పెట్టాను, ఏఎం5 కట్టించుకునే గిరాకీ ఎవరైనా వస్తే అమ్మిపెడతానన్నాను.

రెండోది బోర్డు. బీ450 చిప్‌సెట్ 2018ది. 5000 సిరీస్ ప్రాసెసర్లు వచ్చింది 2020 చివర్లో, ఈ 5600 అయితే 2022లో. బోర్డులో ఉన్న బయోస్, అంటే మెషీన్‌ను లేపే సాఫ్ట్‌వేర్, 2019 నాటిది. తన తర్వాత పుట్టినవాణ్ని అదెట్లా గుర్తు పడుతుంది? పెడితే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద ఏమీ రాదు. కొత్తవాళ్లు ప్రాసెసర్ పోయిందనుకుని భయపడేది ఇక్కడే. కొన్ని బోర్డులకు వెనకాల ఒక బటన్ ఉంటుంది, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించుకోవచ్చు. దీనికి అది లేదు. ఇలాంటి వాటి కోసమే నేనొక పాత రైజెన్ 3 3200జీని భద్రంగా దాచుకున్నాను. బోర్డు దాన్ని గుర్తు పడుతుంది, దానికి సొంత డిస్‌ప్లే కూడా ఉంది. దాన్ని పెట్టి, తయారీదారు సైట్‌లో 5600 పేరున్న జాబితా చూసుకుని, కొత్త బయోస్ ఎక్కించాను. ఎక్కుతున్న ఐదు నిమిషాలు టేబుల్ దగ్గరికి ఎవర్నీ రానివ్వను, షాపు యూపీఎస్ మీద తప్ప చేయను. మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొన్ని పాత ఏఎం4 బోర్డుల్లో బయోస్ చిప్ 16 ఎంబీదే. కొత్త ప్రాసెసర్లకు చోటు చేయడానికి తయారీదారులు పాతవాటి మద్దతు తీసేసిన సందర్భాలున్నాయి. ఎక్కించాక అదే బోర్డు మీద మళ్లీ పాత ప్రాసెసర్ పెడదామంటే ఒక్కోసారి కుదరదు.

ప్రాసెసర్ మార్చేటప్పుడు ఏఎం4తో ఒక ప్రమాదం ఉంది. పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి, 1331. కూలర్‌ను నిటారుగా పైకి లాగితే, రెంటి మధ్య పూసి ఎండిన పేస్ట్ పట్టుకుని లివర్ మూసి ఉండగానే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది. కాసేపు నడిపించి వేడెక్కించి, కూలర్‌ను మూత తిప్పినట్టు అటూ ఇటూ మెలిపెట్టి, అప్పుడు లేపాలి. పిల్లగాడితో ఒకసారి చేయించాను. చెమటలు పట్టాయి వాడికి.

కూలర్ బిగించబోతే ఇంకోటి బయటపడింది. 5600తో డబ్బాలో వచ్చే కూలర్‌కు నాలుగు స్క్రూలు. అవి బోర్డు కింద ఉండే ఇనుప పలకలోకి దిగాలి. సెకండ్ హ్యాండ్ అమ్మినాయన ఆ పలక పీకేసుకుని బోర్డు పంపాడు. స్క్రూ తిప్పుతుంటే బోలు రంధ్రంలో తిరుగుతూనే ఉంది. బయట దుకాణాల్లో అడిగితే ఆ పలక ఏమిటో ఎవరికీ తెలియదు. నా స్క్రాప్ అట్ట పెట్టెలో కాలిపోయిన ఏఎం4 బోర్డు ఒకటుంటే దాని పలక ఊడదీసి వేశాను. పాత బోర్డు కొనేవాళ్లు ధర కంటే ముందు అడగాల్సింది ఆ పలక గురించీ, వెనక పోర్టుల చుట్టూ వచ్చే రేకు గురించీ.

స్పీడుల విషయం తొందరగా చెప్పేస్తాను. కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారి పీసీఐఈ, బీ450లో అది 3.0 మాత్రమే. ఆర్ఎక్స్ 6600 పీసీఐఈ 4.0 కార్డు, ఎనిమిది లేన్లు వాడుతుంది. పాత బోర్డు మీద కొద్దిగా వెనకబడుతుంది, ఆటలో తేడా కనిపెట్టడం కష్టం. అదే వాడు మొదట అనుకున్నట్టు ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కొని ఉంటే దానికి నాలుగు లేన్లే, మెమరీ 4 జీబీ. ఈ బోర్డు మీద గట్టిగా దెబ్బ తినేది. ఎన్‌వీఎంఈ కూడా పాత స్పీడుకే నడుస్తుంది, గేమ్ లోడ్ అయ్యేటప్పుడు ఒకటి రెండు సెకన్ల తేడా. పట్టించుకోవద్దన్నాను.

ఎస్ఎంపీఎస్ మీది స్టిక్కర్

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద పెద్దక్షరాల్లో 450 వాట్లు అని ఉంది. పిల్లగాడి లెక్క కూడా వాడు వేసుకొచ్చాడు, ఆన్‌లైన్ క్యాల్కులేటర్‌లో 300 చాలు అని వచ్చిందట. స్టిక్కర్‌ను వెలుతురుకు తిప్పి కింద చిన్నక్షరాలు చదవమన్నాను.

"12 వోల్టు... 18 ఆంపియర్లు."

"గుణించు."

ఫోన్ తీశాడు. 216.

ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తినేదంతా దాదాపు ఆ 12 వోల్టుల లైన్ నుంచే. మిగతా వాట్లన్నీ 5 వోల్టులూ 3.3 వోల్టుల లెక్కలో చూపించి 450 చేశారు. 5600ను 65 వాట్ల ప్రాసెసర్ అంటారు గానీ నిండుగా పని చేసేటప్పుడు 76 దాకా తీసుకుంటుంది. ఆర్ఎక్స్ 6600కు 132. ఫ్యాన్లు, డిస్కులు, బోర్డు కలిపితే 250 దగ్గర తేలుతుంది. 216 ఇచ్చే దాని మీద 250 మోపితే ఒక రోజు నడుస్తుంది, పది రోజులు నడుస్తుంది, ఒక రాత్రి పక్కనున్నవాటిని కూడా తీసుకుని పోతుంది. పైగా కార్డుకు 8 పిన్నుల కనెక్టర్ కావాలి, దీనికి 6 పిన్నులదే ఉంది. ఎవరో అడాప్టర్ పెట్టుకోమని చెప్పారట. లేని కరెంటును అడాప్టర్ పుట్టించదు.

ఆ ఎస్ఎంపీఎస్‌ను పక్కన పెట్టించి 550 వాట్ల బ్రాంజ్ సర్టిఫికెట్ ఉన్నది వేయించాను. ఎంచుకునేటప్పుడు దాని లేబుల్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉందా చూశాను. చవకవాటి మీద 200–240 అనో, ఒట్టి 230 అనో ఉంటుంది. మన పల్లెల్లో సాయంత్రం వోల్టేజీ ఎంత దిగుతుందో తెలిసినవాణ్ని కాబట్టి అది చూశాను. అంత తెలిసినవాణ్ని ఇంకో అడుగు ముందుకు ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

కొత్త ఎస్ఎంపీఎస్‌కు కేబుళ్లు ఊడొచ్చే రకం. హార్డ్ డిస్క్‌కు పొడవు చాలక, ఫ్రెండ్ దగ్గర ఇంకో కంపెనీ కేబుల్ ఉంది తెస్తానన్నాడు. చేయి పట్టుకుని ఆపినంత పని చేశాను. డిస్క్ వైపు కొన అన్ని కంపెనీలకూ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు కొనలో ఏ తీగ ఎక్కడ అనేది కంపెనీకో తీరు. దూరుతుంది, పడుతుంది, స్విచ్ వేయగానే 5 వోల్టులు పోవాల్సిన చోట 12 పోతుంది. కొన్నేళ్ల కింద నా చేతులతో నేనే ఒక గిరాకీ హార్డ్ డిస్క్ కాల్చాను, అందులో వాళ్లమ్మాయి చిన్నప్పటి ఫొటోలున్నాయి. ఆ వాసన ఇప్పటికీ గుర్తే.

క్యాబినెట్ ముందు భాగం మొత్తం గాజు. రంగు లైట్ల ఫ్యాన్లు మూడు ఆ గాజు వెనక తిరుగుతున్నాయి, గాలి మాత్రం పక్కనున్న వేలెడు సందులోంచే రావాలి. షాపులో ఆ రోజు 38 డిగ్రీలుంది. గేమ్ అరగంట నడిపితే కార్డు 82కు, ప్రాసెసర్ 86కు పోయాయి. ఈ ప్రాసెసర్‌కు కంపెనీ పెట్టిన గరిష్ఠ హద్దు 90. గాజు పలక ఊడదీసి అదే గేమ్ అరగంట నడిపితే కార్డు 73, ప్రాసెసర్ 79. మే నెలలో నల్లగొండ 44, 45 చూస్తుంది. గాజు తీసేసి దాని చోట దోమల జాలీ లాంటి సన్నటి మెష్ బిగించి ఇచ్చాను. పిల్లగాడి ముఖం చిన్నబోయింది, ఆ గాజు చూసే క్యాబినెట్ కొన్నాడట. "నీకు కనబడేది పక్క గాజే కదరా, ముందుది గోడకు కనబడుతది" అంటే ఒప్పుకున్నాడు.

విండోస్ 11 వేసేటప్పుడు ఎన్‌వీఎంఈని జీపీటీ పద్ధతిలో విభజించి, బయోస్‌లో పాత పద్ధతి బూట్ సెట్టింగ్ సీఎస్‌ఎం ఆపి, ఎఫ్‌టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ తెరిచాను. వాడు ఆడే వాలరెంట్ విండోస్ 11 మీద ఆ రెండూ లేకపోతే మొరాయిస్తుంది. ర్యామ్ ముందు 2400కే నడిచింది, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే స్పీడు సెట్టింగ్ ఎక్కిస్తే 3200 వచ్చింది. రెండు స్టిక్కులనూ ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాను. ఇంటికెళ్లాక మానిటర్ వైరును బోర్డుకు కాకుండా కార్డుకు పెట్టమని రెండుసార్లు చెప్పాను. 5600కు సొంత డిస్‌ప్లే లేదు, బోర్డు పోర్టులో పెడితే తెర నల్లగా ఉండిపోతుంది. తర్వాత విండోస్‌లో 165 హెర్ట్జ్ ఎంచుకోవాలని కూడా రాసిచ్చాను. ఎంతమంది 165 మానిటర్‌ను ఏడాదిపాటు 60 మీద వాడారో నాకు తెలుసు.

రెండు రోజులు షాపులో లోడ్ మీద ఉంచాను. ఒక్క తప్పు లేదు. మే మొదట్లో తీసుకుపోయాడు.

పన్నెండో రోజు

"అన్నా, గేమ్ మధ్యల బంద్ అయితుంది. ఊకె కాదు, రాత్రిపూటనే. పాటలు వింటే, సినిమా చూస్తే ఏం కాదు."

ఫోన్‌లోనే విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిపించాను. కెర్నల్ పవర్ 41, వరుసగా. చాలామంది దాన్ని జబ్బు పేరు అనుకుంటారు. అది చెప్పేది ఒకటే, మెషీన్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది. ఎందుకు ఆగిందో దానికి కూడా తెలియదు.

డబ్బాను షాపుకు తెప్పించాను. మూడు రోజులు పొద్దుమాపు ఆడించాను. చీమ కుట్టినట్టు కూడా లేదు. పట్టుకుపోయాడు, అదే రాత్రి మళ్లీ బంద్. ఈసారి ఫోన్ తండ్రి నుంచి వచ్చింది.

"తమ్మీ, మీ దుకాణంల మంచిగనే ఉంటది, మా ఇంట్ల సస్తది. మా ఇంట్ల ఏం దయ్యముందో జర వచ్చి సూడు."

ఆయన వెటకారంగానే అన్నాడు. ఆలోచిస్తే సరైన ప్రశ్న అదే. నేను పార్టుకు పార్టు పట్టిందా చూశాను, డబ్బాకు ఇల్లు పట్టిందా చూడలేదు. మరుసటి రోజు సాయంత్రం మల్టీమీటర్ జేబులో వేసుకుని బండి మీద బయల్దేరాను.

ఇంట్లో అడుగు పెట్టేసరికి ఏడున్నర. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నారు. సీలింగ్ ఫ్యాన్ గుయ్యిమని ఒకటే మోత. ఆ మోత విన్నాక సగం అర్థమైంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు అలాగే మొత్తుకుంటాయి. అటక మీద చూస్తే తొమ్మిదేళ్ల నాటిది, వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉంది. కంప్యూటర్ గది మొత్తం ఆ లైన్ మీదే.

కరెంటు వచ్చాక సాకెట్‌లో కొలిచాను. 182. కాసేపటికి ఎవరిదో బోరు మోటార్ స్టార్టర్ పడ్డట్టుంది, 168కి దిగి మళ్లీ లేచింది. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఉంది, మోటార్లు ఎప్పుడైనా లేస్తాయి. దిగిన ప్రతిసారీ ఇన్వర్టర్‌లో టిక్‌మని రిలే చప్పుడు. యూపీఎస్ మోడ్‌లో ఆ ఇన్వర్టర్ 180 కింద పడితే మెయిన్స్ వదిలి బ్యాటరీ మీదికి పోతోంది, లేస్తే తిరిగొస్తోంది. నేనున్న గంటలో పదకొండు టిక్కులు లెక్కపెట్టాను.

అనుమానం రెండింటి మీద. తక్కువ వోల్టేజీనా, ఆ మార్పిడా? మొదట కంప్యూటర్‌ను ఇన్వర్టర్ లేని లైన్‌లో, వంటింటి సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ లాగి పెట్టాను. గేమ్ ఆడమన్నాను. వోల్టేజీ 168 చూసింది, ఒకసారి 164 కూడా. డబ్బా కదల్లేదు. లేబుల్ మీద 100–240 అని చూసి కొన్నందుకు ఆ ఒక్క ఫలితం దక్కింది. తక్కువ వోల్టేజీ నేరస్థుడు కాదు.

మళ్లీ ఇన్వర్టర్ లైన్‌లో పెట్టి, డెస్క్‌టాప్ ఊరికే తెరిచి ఉంచి, మెయిన్ స్విచ్, అదే ఎంసీబీ, దించమన్నాను. ఐదుసార్లు దించి లేపాడు తండ్రి. ఐదుసార్లూ నిలిచింది. ఇప్పుడు గేమ్ పెట్టి దించమన్నాను. మొదటిసారికే తెర నల్లబడింది. ఐదులో నాలుగుసార్లు పడిపోయింది.

మెయిన్స్ పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు చిన్న ఖాళీ వస్తుంది. అప్పుడు లోపలి పెద్ద కెపాసిటర్ నిల్వతో, బరువైన లోడ్ మీద కూడా, ఎస్ఎంపీఎస్ 16–17 మిల్లీసెకన్లు లాగాలని ప్రమాణం. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క అల 20 మిల్లీసెకన్లు, అంటే ఒక అల కూడా పూర్తి కాని సమయం. పాటలు వింటున్నప్పుడు మెషీన్ తినేది 60, 70 వాట్లు, ఆ నిల్వ చాలాసేపు వస్తుంది. గేమ్‌లో గోడ నుంచి 290 దాకా లాగుతుంది, నిల్వ గుక్కెడు. దీనికి తోడు ఇప్పటి మంచి ఎస్ఎంపీఎస్‌లన్నింట్లో యాక్టివ్ పీఎఫ్‌సీ ఉంటుంది. వచ్చే అల ఆకారాన్ని అనుసరించి కరెంటు తీసుకోవడం దాని పని. నున్నటి అలకు బదులు గోడల్లా నిలువుగా లేచి పడే అల వస్తే, మధ్యలో ఖాళీలొస్తే, అది ఉలిక్కిపడి ఒక్కసారిగా గుంజుతుంది, లేదా తనను తాను ఆపుకుంటుంది. నేను తీసేసిన ఆ ఉచిత 450 వాట్లదానికి పీఎఫ్‌సీ లేదు. దాన్నే ఉంచితే ఈ టిక్కులకు బహుశా పడిపోయేది కాదు, ఏదో ఒక రోజు కాలిపోయేది. మంచిది వేసినందుకే ఈ తంటా బయటపడిందని తండ్రికి చెప్పడానికి నాకు కొంచెం ధైర్యం కావాల్సి వచ్చింది.

సామాను సర్దుకుంటుంటే పిల్లగాడు, "అన్నా, ఇంకోటి. డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటది. హెడ్‌సెట్‌ల నా దోస్తులకు గుర్రుమని వినబడుతదట" అన్నాడు.

ఇది మొదటే చెప్పాల్సిన మాట. మల్టీమీటర్ ఒక కొన క్యాబినెట్ స్క్రూకు, ఇంకోటి బయట తడి నేలలో దిగేసిన ఇనుప చువ్వకు. 89 వోల్టులు. అప్పుడు లైన్ 180, దాదాపు సరిగ్గా సగం. ఎస్ఎంపీఎస్ ముందు భాగంలో ఫేజుకూ డబ్బాకూ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ డబ్బాకూ మధ్య ఒకటి చిన్న కెపాసిటర్లుంటాయి. మూడో పిన్ను భూమిలోకి పోకపోతే అవి రెండూ వోల్టేజీని సగానికి పంచి డబ్బా మీద నిలబెడతాయి. కరెంటు చాలా కొద్దిది, చంపదు, కానీ తడి కాళ్లతో ముట్టుకుంటే గుండె జల్లుమంటుంది. సాకెట్ బోర్డు స్క్రూలు తీసి చూస్తే మూడో రంధ్రం వెనక తీగే లేదు. ఇల్లు కట్టినప్పుడు మూడు పిన్నుల ప్లాస్టిక్ పెట్టి రెండు తీగలు లాగారు.

బంద్ కావడానికి ఇది కారణం కాదు. రెండు వేర్వేరు తప్పులు ఒకే గదిలో ఉన్నాయి, అంతే. అయినా దీన్నే ముందు సరిచేయించాను.

వైరింగ్ మేస్త్రీ వచ్చి బోరింగు దగ్గర, ఎప్పుడూ నీళ్లు పడే చోట గుంత తీశాడు. కింద మొరం తగిలి ఒక రోజు పని రెండు రోజులైంది. జీఐ పైపు దించి బొగ్గూ ఉప్పూ పొరలు వేసి, కంప్యూటర్ సాకెట్‌కు పచ్చ తీగ లాగాడు. తర్వాత కొలిస్తే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 2 వోల్టులు, డబ్బా మీద సున్నా. హెడ్‌సెట్‌లో గుర్రు పోయింది.

"డబ్బకు అరువై వేలు, గుంతకు నాలుగు వేలు" అన్నాడు తండ్రి. "ముందుగాల గుంత తీపియ్యాలని ఎవ్వలు చెప్పలే గద తమ్మీ."

"నేనే చెప్పాల్సింది కాకా" అన్నాను. బండికీ టైముకూ పైసలు తీసుకోలేదు.

ఇన్వర్టర్ మార్చడానికి అప్పుడు చేతిలో డబ్బు లేదు. కంప్యూటర్‌ను ఇన్వర్టర్ లేని లైన్‌కు మార్పించాను, కరెంటు పోతే ఆట పోతుంది, అంతవరకే. చిన్న యూపీఎస్ పెట్టుకోమని పిల్లగాడికి ఎవరో చెప్పారు, నేను వద్దన్నాను. బజార్లో దొరికే 600 వీఏ వాటిలో ఎక్కువ 360 వాట్లవి, అవి ఇచ్చేదీ మెట్ల మెట్ల అలే. జూన్‌లో తల్లి పట్టుపట్టి సైన్ వేవ్ ఇన్వర్టర్ తెప్పించింది. కంప్యూటర్ కోసం కాదు, రాత్రి ఫ్యాన్ మోతకు నిద్ర పట్టడం లేదని. యూపీఎస్ మోడ్‌లోనే ఉంచి, నేను వీడియో కాల్‌లో చూస్తుండగా గేమ్ మధ్యలో ఎంసీబీ పదిసార్లు దించారు. పదిసార్లూ నిలిచింది. వానాకాలం, దసరా దాటినా కెర్నల్ పవర్ 41 మళ్లీ రాలేదు.

ఇప్పుడు గేమింగ్ డబ్బా అడిగినవాళ్ల చేత పార్టుల లిస్టు కంటే ముందు ఇంటి నుంచి రెండు ఫొటోలు తెప్పించుకుంటున్నాను: ఇన్వర్టర్ వెనక స్టిక్కర్, కంప్యూటర్ పెట్టే సాకెట్. ఊరి పేరడిగి సాయంత్రం టీవీ వెలుగు తగ్గుతుందా అని కూడా అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. ఒకాయన అయితే, కంప్యూటర్ కొనేదానికి కరెంటాఫీసు ప్రశ్నలేంది అని లేచి వెళ్లిపోయాడు.

సొరుగులోని డీడీఆర్5 స్టిక్ ఏడు నెలల పైన అక్కడే ఉంది. 2025 చివరికి వచ్చేసరికి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు మండిపోయాయి, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి లేదు. డిసెంబర్‌లో ఏఎం5 కట్టించుకునే ఒకాయన ఆ ఒక్క స్టిక్‌ను, పిల్లగాడు కొన్న ధరకు రెట్టింపు పైన ఇచ్చి పట్టుకుపోయాడు. డబ్బు ఫోన్‌లో పంపి చెప్పాను.

"చూసినవా అన్నా," అన్నాడు వాడు, "నాలుగు కంటే ఐదే ఎక్కువ."